గుప్పుమనకుండా రోజూ వేసుకోదగ్గ పండు-పువ్వు సెంటు ఏది చూడొచ్చు?

గడ్డిపువ్వు:

అందరికీ నమస్తే. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. నాకు రోజూ ఆఫీసుకి వేసుకోవడానికి ఒక పెర్ఫ్యూమ్ కావాలి. పండు వాసనా పువ్వు వాసనా కలిసి ఉండాలి, కానీ మెత్తగా ఉండాలి. నాకంటే ముందు నా సెంటు గదిలోకి రాకూడదు, నేను లేచి వెళ్లాక అక్కడే ఉండిపోకూడదు. పక్కన కూర్చుని మాట్లాడే మనిషికి తెలిస్తే చాలు.

ఇంతగా ఎందుకు అడుగుతున్నానంటే, మా అక్క నాకు ఒక సీసా కొనిచ్చింది. పెట్టె మీద పియర్, పియోనీ పువ్వు, తెల్ల మస్క్ (కస్తూరి తరహా వాసన) అని రాసి ఉంది. కొట్టగానే అప్పుడే కోసిన పియర్ ముక్క వాసన, చల్లగా, కొంచెం నీళ్లనీళ్లగా, తొక్క దగ్గరుండే ఆ పచ్చిదనంతో సహా. ప్రాణం లేచొచ్చింది. మూడుసార్లు కొట్టుకుని వెళ్లాను. పదకొండయ్యేసరికి ఆ పియర్ ఎటు పోయిందో తెలీదు, మెడ దగ్గర బట్టల్లోంచి పంచదార మాడుతున్నట్టు ఒకటే తీపి. మాది ఆరుగురు కూర్చునే చిన్న గది, ఏసీ వేస్తారు కాబట్టి కిటికీలు తెరవరు. నా పక్కన కూర్చునే ఆవిడ పైకి ఏమీ అనలేదు, కుర్చీ మాత్రం కొంచెం అవతలికి జరుపుకున్నారు. మధ్యాహ్నం చూస్తే ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని ఒంటిచేత్తో టైప్ చేస్తున్నారు. ఆ రోజంతా నాకు పని మీద మనసు నిలవలేదు. అప్పటికి నా వాసన నాకే తెలియడం లేదు, పోయిందేమో అనుకుని ఇంకోసారి కొట్టుకోబోతుంటే ఆవిడ కనిపించి ఆగాను.

పెట్టె మీద రాసిన పళ్లూ పువ్వులూ చూసి కొనడంలో అర్థం ఉందా? ఈడీటీ (ఓ ద తువాలెట్, పల్చటి రకం) అయితే మెత్తగా, ఈడీపీ (ఓ ద పర్ఫ్యూమ్, చిక్కటి రకం) అయితే ఘాటుగా ఉంటుందనుకోవచ్చా? మొదటి పావుగంటలో వచ్చిన ఆ పియర్ రోజంతా ఉండే సెంటు ఏదైనా ఉందా? పేర్లు చెప్పినా సంతోషమే, ఎలా వెతుక్కోవాలో చెప్తే ఇంకా సంతోషం.


వానచినుకు:

నేను ఆరేళ్లు పెర్ఫ్యూమ్ కౌంటర్లో పనిచేశానండీ. మీరు చెప్పిన కథ వారానికి ఇద్దరుముగ్గురు వచ్చి చెప్పేవాళ్లు, పండు పేరు మాత్రం మారేది. కాబట్టి మీ ముక్కులో తప్పేమీ లేదు, ముందు ఆ టెన్షన్ వదిలేయండి.

ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా తేలికవుతుంది. పండు-పువ్వు సెంటుని పండు చూసి కొనకూడదు, అడుగు చూసి కొనాలి. పియర్, యాపిల్, నారింజ జాతి వాసనలన్నీ తొందరగా ఆవిరైపోయే రకం, ఒంటి మీద పావుగంట, మహా అయితే అరగంట. ఆ తర్వాత పువ్వు బయటికొస్తుంది, అది రెండు మూడు గంటలు నిలుస్తుంది. సాయంత్రం దాకా మీతో ఉండేది అడుగున ఉన్న మస్క్, చెక్క వాసనలు, వెనిల్లా, అంబర్ లాంటివి. మీరు షాపులో ప్రేమించింది మొదటి పావుగంటని, ఆఫీసులో ఆ పక్కావిడ భరించింది అడుగుని. రోజంతా పియర్ పియర్‌లాగే ఉండే సెంటు నేనైతే చూడలేదు, కానీ పియర్ వెళ్లిపోయాక కూడా శుభ్రంగా, ఉతికిన బట్టలా మిగిలే సెంట్లు చాలా ఉన్నాయి. మీరు వెతకాల్సింది వాటిని.

అందుకే నేను కౌంటర్లో ఉన్నప్పుడు, పేపర్ ముక్క మీద వాసన చూసి అక్కడికక్కడే కొనేస్తానన్న వాళ్లని ఆపేదాన్ని. సేల్ పోతుందని మా సూపర్‌వైజర్‌కి కోపం వచ్చేది కానీ, మర్నాడు మొహం వేలాడేసుకుని తిరిగొచ్చే మనిషిని చూడటం నాకు ఇంకా కష్టంగా ఉండేది. పేపర్‌కి ఒంటి వేడి ఉండదు, దాని మీద సెంటు ఒకలా విప్పుకుంటుంది, చర్మం మీద ఇంకోలా. ఒక రోజు రెండే సెంట్లు తీసుకోండి. ఎడమ చేతికి ఒకటి, కుడి చేతికి ఒకటి, ముంజేతి లోపలివైపు ఒక్కొక్క స్ప్రే. మణికట్లు ఒకదానికొకటి రుద్దకండి, రాపిడి వేడికి పైనున్న వాసన ఇంకా తొందరగా ఎగిరిపోతుంది. షాపులోంచి బయటికి వచ్చేయండి. అరగంట అయ్యాక ఒకసారి, తర్వాత రెండు గంటలకి, మళ్లీ నాలుగో గంటలో చూసుకోండి. ఆ నాలుగో గంట వాసన మీకు నచ్చితేనే కొనండి. మధ్యలో కాఫీ గింజలు వాసన చూడమంటారు, వాటి అవసరం ఏమీ లేదు, బయటి గాలి పీల్చినా, సెంటు తగలని మీ మోచేతి మడత వాసన చూసినా ముక్కు తేరుకుంటుంది.

ఇక పేర్లు. వెర్సాచే బ్రైట్ క్రిస్టల్, 2006లో వచ్చింది, దానిమ్మ, యూజు (నిమ్మజాతి పండు), పియోనీ, అడుగున మస్క్. తేలిగ్గా ఉంటుంది, ఆఫీసుకి దీన్నే ఎక్కువమందికి చూపించేదాన్ని. షనెల్ చాన్స్ ఓ తాండ్ర్, 2010ది, క్విన్స్ (పియర్‌కి చుట్టం లాంటి పండు), గ్రేప్‌ఫ్రూట్, మల్లె, తెల్ల మస్క్. ఇందులో ఈడీటీ వేరు, 2019లో వచ్చిన ఈడీపీ వేరు, మీకైతే ముందు ఈడీటీ చూడమంటాను. మార్క్ జేకబ్స్ డైసీ, 2007, స్ట్రాబెర్రీతో మొదలవుతుంది కానీ తీపిగా ఉండదు, వయొలెట్ ఆకుల పచ్చిదనం దాన్ని పట్టి ఉంచుతుంది. పియర్ మీద అంత ప్రేమ ఉంటే జో మలోన్ ఇంగ్లిష్ పియర్ అండ్ ఫ్రీసియా తప్పక చూడండి, అది కూడా 2010దే. అయితే అది కొలోన్, అంటే ఇంకా పల్చటి రకం, చాలామంది ఒంటి మీద మధ్యాహ్నానికి పల్చబడిపోతుంది. క్లోయే ఈడీపీ (2008) కూడా పియోనీ, లిచీ, గులాబీయే, బాగుంటుంది, కానీ మీ చిన్న గదికి ఒక్క స్ప్రే దాటితే ఎక్కువే.

ఈడీటీ, ఈడీపీ సంగతి: మామూలుగా ఈడీటీలో 5 నుంచి 15 శాతం, ఈడీపీలో 15 నుంచి 20 శాతం దాకా సుగంధ ద్రవ్యం ఉంటుందంటారు కానీ అది కంపెనీని బట్టి మారుతుంది. పైగా ఒకే పేరుతో వచ్చే రెండింటికీ ఫార్ములానే వేరుగా ఉండొచ్చు. పైపైన తేలే ఈడీటీ గదంతా పరుచుకోవడం, చిక్కటి ఈడీపీ ఒంటికి అంటుకుని ఉండిపోవడం రెండూ చూశాను. అందుకని ఆ అక్షరాలు చూసి మెత్తదనం తేల్చలేం.


ప్రయోగశాల_మూల:

వానచినుకు గారు చెప్పినదాని వెనక కారణం నేను చెప్తాను. నా పని సుగంధ రసాయనాలతోనే, సెంట్లు తయారుచేసే పని కాదు, ముడిసరుకు పరీక్షించే పని.

ముందు ఒక విషయం. పియర్ నుంచి, పీచ్ నుంచి, స్ట్రాబెర్రీ నుంచి సెంటులో వాడుకునే నూనె రాదు. ఆ పళ్లలో ఉన్నది ఎక్కువగా నీళ్లు, వాసననిచ్చే పదార్థం లేశమాత్రం, మరిగిస్తే ఉడికిన వాసన తప్ప ఏమీ మిగలదు. నారింజ, నిమ్మ జాతి మాత్రం వేరు, వాటి తొక్కలోనే నూనె తిత్తులుంటాయి కాబట్టి పిండితే వస్తుంది. అందుకే సీసాలో మీకు తగిలే పియర్ చాలావరకు హెక్సైల్ ఎసిటేట్ లాంటి చిన్న అణువుల పని. చిన్నవి కాబట్టే చటుక్కున ఎగిరి ముక్కుకి తగులుతాయి, చటుక్కున అయిపోతాయి. పీచ్ వాసన అలా కాదు. దాన్నిచ్చే గామా అన్‌డెకాలాక్టోన్ 1908 నుంచీ తెలుసు, 1919లో గెర్లాన్ కంపెనీ మిత్సుకో అనే సెంటులో వాడారు, అది బరువైన అణువు కాబట్టి గంటల తరబడి నిలుస్తుంది. రోజంతా పండు ఛాయ ఉండాలనుకునేవాళ్లు పియర్ కంటే పీచ్, ఆప్రికాట్ వైపు చూడటం మంచిది. కొంచెం వెల్వెట్‌లా, తొక్క మీది నూగులా ఉంటుంది ఆ వాసన.

పువ్వుల సంగతి ఇంకా బాగుంటుంది. పియోనీ, ఫ్రీసియా, లిల్లీ ఆఫ్ ది వ్యాలీ, వీటి నుంచి పనికొచ్చే నూనె తీయడం కుదరదు, సెంట్లవాళ్లు వీటిని మూగపువ్వులంటారు. కాబట్టి పెట్టె మీద పియోనీ అని ఉంటే, పియోనీని గుర్తుచేసేలా ఎవరో కూర్చుని కట్టిన వాసన అని చదువుకోవాలి. అందులో మోసం ఏమీ లేదు. 1956లో ఎడ్మండ్ రుడ్నిట్స్కా అనే సెంట్ల తయారీదారు డియోరిస్సిమో అనే సెంటులో లిల్లీ ఆఫ్ ది వ్యాలీని అలాగే కట్టారు, ఇప్పటికీ ఆ పువ్వు పేరు చెప్తే దాన్నే చూపిస్తారు. ఒక్కో కంపెనీ పియోనీ ఒక్కోలా ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. పాత సీసా అయిపోయాక అదే మళ్లీ కొంటే కొంచెం తేడాగా అనిపించడానికీ కొన్నిసార్లు ఇదే కారణం. లిల్లీ వాసన కోసం ఎక్కువగా వాడిన లిలియాల్‌ని యూరోపియన్ యూనియన్ 2022 మార్చి 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది, దాంతో చాలా ఫార్ములాలు మార్చుకోవాల్సి వచ్చింది.

పండూ పువ్వూ ఒకేచోట ఉండటం మనుషులు కనిపెట్టింది కాదు. మనోరంజితం పువ్వు వాసన చూసినవాళ్లకి తెలుస్తుంది, రేకులు పసుపు తిరిగాక కళ్లు మూసుకుని చూస్తే మాగిన పండు అనే అంటారు. ఆస్మాంథస్ అనే చిన్న పువ్వులో ఆప్రికాట్ వాసన ఉంటుంది. సంపెంగలోనూ ఆ పండు ఛాయ ఉంది. ఇలాంటి పువ్వు నడుమ ఉన్న సెంటు దొరికితే పండు వేరు, పువ్వు వేరు అన్నట్టు ఉండదు, పై పొర పోయినా పండు పూర్తిగా పోదు. నాకు వ్యక్తిగతంగా ఈ రకమే ఇష్టం.

ఇక మీ మాడిన పంచదార. అది దాదాపుగా ఇథైల్ మాల్టాల్ అయ్యుంటుంది. 1992లో ఏంజెల్ అనే సెంటులో దాన్ని పెద్ద మోతాదులో వాడాక తీపి సెంట్ల దారి తెరుచుకుంది, పండు-పువ్వు రకాల్లో కూడా ఇప్పుడు చాలావాటిలో ఉంటోంది. పండు వాసనని పండినట్టు చూపించడానికి కొంచెం వేస్తారు, ఎక్కువైతే పండు పోయి అదొక్కటే మిగులుతుంది. పెట్టె మీద దాని పేరు ఉండదు. కారమెల్, ప్రాలీన్ (పంచదార పాకం పట్టిన గింజలు), కాటన్ క్యాండీ, వెనిల్లా అని రాసి ఉంటే అనుమానించండి.

మీ వాసన మీకే తెలియకపోవడానికి రెండు కారణాలు. ఒకే వాసన అదే పనిగా తగులుతుంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, ఇది అందరికీ జరుగుతుంది. రెండోది, గాలక్సోలైడ్ లాంటి మస్క్ అణువులు పెద్దవి, కొందరి ముక్కుకి కొన్ని మస్క్‌లు పుట్టుకతోనే అందవు. మీకు ఏమీ లేదనిపిస్తున్న చోట పక్కవాళ్లకి నిండుగా ఉండొచ్చు. మళ్లీ కొట్టుకోకుండా ఆగారు చూడండి, అది చాలా మంచి పని.


చిరుగాలి_22:

ఇంత వెతుకులాట అవసరమా అండీ? బాడీ మిస్ట్ వాడండి. నేను ఐదేళ్లుగా అదే. గంటన్నరకి పోతుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు, మధ్యాహ్నం మళ్లీ కొంచెం కొట్టుకుంటాను, ఆ తాజాదనం మళ్లీ వస్తుంది. ఆ మొదటి పావుగంట పియరే ఇష్టమైనప్పుడు దాన్నే రోజుకి రెండుసార్లు తెచ్చుకోవచ్చు కదా. ఒక్కటే జాగ్రత్త, మళ్లీ కొట్టుకునేది మీ గదిలో కాకుండా బయటికెళ్లి కొట్టుకోండి. తీపి రకాలు మిస్టుల్లోనే ఎక్కువ, అవి వద్దు.


తలనొప్పి_తెలిసినదాన్ని:

కుర్చీ జరుపుకున్న ఆవిడ తరఫున నేను రాస్తున్నాను అనుకోండి. నాకు మైగ్రేన్. గాఢమైన వాసన తగిలితే అరగంటలో ఒక కన్ను వెనక పట్టేసినట్టు మొదలవుతుంది, ఆ రోజు ఇంక పని అయినట్టే. పక్కవాళ్లు మంచివాళ్లయిన కొద్దీ చెప్పడం ఇంకా కష్టం. వాళ్లు ఇష్టపడి వేసుకున్నదాన్ని వద్దనడానికి నోరు రాదు, కుర్చీ జరుపుకోవడం తప్ప ఏం చేస్తాం.

అందుకని నాదొక్కటే విన్నపం. ఏ సెంటు కొన్నా, మొదటిసారి వేసుకున్న రోజు ఆవిడని మీరే అడగండి. "ఇది మీకు ఇబ్బందిగా ఉందా, ఉంటే చెప్పండి, మార్చేస్తాను" అని మామూలుగా అడిగితే చాలు. నన్ను ఇలా అడిగిన ఒక అమ్మాయి ఉంది మా ఆఫీసులో. ఆ అమ్మాయి వేసుకునే పల్చటి గులాబీ-లిచీ వాసన నాకు ఎప్పుడూ తలనొప్పి తేలేదు, ఇప్పుడు తను వచ్చిందని ఆ వాసనతోనే తెలుస్తుంది, బాగుంటుంది కూడా. నాకు పడనివి మాత్రం గాఢమైన వెనిల్లా, తెల్లపువ్వుల చిక్కటి వాసనలు, ముఖ్యంగా ట్యూబ్‌రోజ్. ఇది నా ఒంటి సంగతి, అందరికీ ఇవే అని కాదు.

ఇంకోటి, పాత సీసాలు. సిట్రస్‌లో ఉండే లిమోనీన్, చాలా పువ్వుల్లో ఉండే లినలూల్ గాలి తగిలి ఆక్సీకరణం చెందితే చర్మానికి ఎలర్జీ తెచ్చే పదార్థాలుగా మారతాయి. మూత సరిగా పట్టని, ఎండ తగిలే చోట ఏళ్లుగా ఉన్న సీసా తీసి మెడకి కొట్టుకుంటే మంట, దద్దుర్లు రావడం నాకు జరిగింది. రంగు ముదిరినా, కొట్టగానే ముక్కు పొడిచే వాసన వచ్చినా పక్కన పెట్టేయండి.


గడ్డిపువ్వు:

ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు, ఒక్కొక్కటీ రెండుసార్లు చదివాను. అక్క ఇచ్చిన పెట్టె తీసి మళ్లీ చూస్తే వెనకవైపు చిన్న అక్షరాల్లో ప్రాలీన్ అని ఉంది! ముందువైపు పియర్ బొమ్మ చూసి మురిసిపోయాను కానీ ఇది చూడనేలేదు.

మైగ్రేన్ గురించి రాసినవారికి ప్రత్యేకంగా థాంక్స్. రేపే వెళ్లి ఆవిడతో మాట్లాడతాను, కొత్తది కొనే దాకా ఆగను.

ఇంకో రెండు సందేహాలు. నాది బాగా పొడి చర్మం, ఏ సెంటైనా తొందరగా పోతుందంటారు కదా, అలాంటప్పుడు ఎక్కువ కొట్టుకోవాలా? బట్టల మీద కొట్టుకోవచ్చా? మెత్తగా ఉండాలంటే అసలు ఎన్ని స్ప్రేలు?


వానచినుకు:

ఎక్కువ కొట్టుకోవద్దండీ. పొడి చర్మానికి ముందు వాసన లేని మాయిశ్చరైజర్ రాసుకోండి, స్నానం చేసి తుడుచుకున్న వెంటనే, ఒళ్లు ఇంకా కొంచెం తడిగా ఉన్నప్పుడు. అది ఇంకాక దాని మీద సెంటు. నూనె పదార్థం వాసనని పట్టి ఉంచుతుంది కాబట్టి అదే ఒక్క స్ప్రే ఎక్కువసేపు నిలుస్తుంది, ఘాటు మాత్రం పెరగదు. లోషన్‌కి సొంత వాసన ఉంటే రెండూ కలిసి మూడోది తయారవుతుంది, అందుకే వాసన లేనిది అంటున్నాను.

మీ గదికి రెండు స్ప్రేలు, అంతకుమించి వద్దు. ఎక్కడ కొట్టుకుంటారన్నది కూడా ముఖ్యం. మెడ, చెవుల వెనక కొడితే మీ ముక్కుకి దగ్గర, ఒంటి వేడికి పైకి లేస్తూనే ఉంటుంది, మీ ముక్కు తొందరగా అలవాటు పడిపోతుంది, పక్కవాళ్లకి మాత్రం ఎక్కువవుతుంది. మెత్తగా కావాలనుకునేవాళ్లకి నేను చెప్పేది, ఒకటి బట్టల లోపల పొట్ట మీద, ఇంకోటి మోచేతి మడతలో. బట్టల కిందనుంచి వచ్చే వాసన వడగట్టినట్టు నిదానంగా వస్తుంది. మీరు చెయ్యి చాపినప్పుడో, ఎవరైనా మీ పక్కకి వంగినప్పుడో తెలుస్తుంది, అంతే. ఆఫీసుకి బయల్దేరే ముందు కాకుండా ఒక అరగంట ముందే కొట్టుకోండి, ఆ మొదటి గుప్పు ఇంట్లోనే పోతుంది.

బట్టల మీద కొడితే ఎక్కువ రోజులు నిలుస్తుంది, కానీ ఒంటి మీద మారినట్టు అక్కడ మారదు. సిల్కు మీదా, లేత రంగు బట్టల మీదా వద్దు, మరక పడొచ్చు. పైగా బట్టకి పట్టిన మస్క్ ఉతికినా పూర్తిగా పోదు, రేపు ఇంకో సెంటు వేసుకుంటే రెండూ కలుస్తాయి.

పెద్ద సీసా కొనకండి. స్ప్రేకి సుమారు 0.1 మిల్లీలీటరు పడుతుంది, రోజుకి రెండంటే 30 మిల్లీ సీసా ఐదు నెలలు వస్తుంది, 100 మిల్లీ అయితే ఏడాది దాటుతుంది, ఈలోపు మీకే మొహం మొత్తవచ్చు. బాత్రూంలో పెట్టకండి, వేడీ తేమా దానికి పడవు. దాని పెట్టెలోనే పెట్టి, బట్టల బీరువాలో ఒక మూల ఉంచితే చాలు.


నడిరేయి_బాటసారి:

ఈ చర్చలోకి ఒక మగవాణ్ణి వస్తున్నాను, నాకూ ఈ వాసనలే ఇష్టం. కలప, తోలు, మసాలా వాసనలున్న సెంట్లే మగవాళ్లవని షెల్ఫుల్లో వేరుచేసి పెడతారు, ఇరవయ్యేళ్లు అవే వాడాను, ఒక్కటీ నాది అనిపించలేదు. మా ఆవిడ బ్రైట్ క్రిస్టల్ ఒకరోజు పొరపాటున కొట్టుకున్నాను, ఆ రోజు మీటింగులో మణికట్టు ఎన్నిసార్లు ముక్కు దగ్గర పెట్టుకున్నానో లెక్కలేదు. నా ఒంటి మీద దానిమ్మ తొందరగానే పోయింది, కింద మస్కూ చెక్కా మిగిలాయి, అదే సీసా ఆవిడ ఒంటి మీద పియోనీగానే ఉంటుంది. ఇద్దరం పక్కపక్కనే నిలబడి చేతులు మార్చుకుని చూశాం. ఇప్పుడు ఒకే సీసా ఇద్దరం వాడుతున్నాం. ఎవరైనా నాలాగా షెల్ఫు చూసి ఆగిపోతుంటే ఆగొద్దు.

హెడియోన్ అనే సుగంధ రసాయనం గురించి ప్రయోగశాల_మూల గారు ఏమైనా రాస్తారేమో చూశాను. పువ్వు వాసనకి గాలి తగిలినట్టు చేసేది అదే అని విన్నాను.


ప్రయోగశాల_మూల:

సరిగ్గానే విన్నారు. మల్లెలో సహజంగానే కొంచెం ఉంటుంది. 1966లో డియోర్ కంపెనీ ఓ సొవాజ్ అనే సెంటులో వాడాకే అందరి దృష్టీ దాని మీద పడింది, అది మగవాళ్ల కోసమని తెచ్చిన సెంటు, అందులోనూ పువ్వు ఉంది చూడండి. విడిగా వాసన చూస్తే హెడియోన్‌లో పెద్దగా ఏమీ తెలియదు, పల్చగా, కొంచెం నిమ్మ ఛాయతో. కానీ పక్కనున్న పువ్వుల మధ్య ఖాళీ తెచ్చిపెడుతుంది. చిక్కగా కాకుండా గాలాడుతున్నట్టుండే పండు-పువ్వు సెంటు ఏది తీసుకున్నా అందులో ఇది ఉండే అవకాశం చాలా ఎక్కువ.


గడ్డిపువ్వు:

మూడు వారాలయింది, ఏం జరిగిందో చెప్పాలి కదా.

ముందు పక్కావిడతో మాట్లాడాను. ఆవిడకి మైగ్రేన్ లేదు, తీపి వాసన అంటేనే కడుపులో తిప్పుతుందట, చిన్నప్పటినుంచీ అంతే. చెప్తే నేను బాధపడతానని ఊరుకున్నారట. ఇద్దరం కాసేపు అలా నిలబడిపోయాం. తర్వాత ఆవిడే అన్నారు, కొత్తది తెచ్చినప్పుడు ముందు నాకు చూపించు అని.

వానచినుకు గారు చెప్పినట్టే రోజుకి రెండు చొప్పున నాలుగు రోజులు తిరిగాను. ఇంగ్లిష్ పియర్ అండ్ ఫ్రీసియా మొదట అన్నిటికంటే బాగుంది, నేను వెతుకుతున్న పియర్ అదే, కానీ నా పొడి చర్మం మీద రెండున్నర గంటలకి ఏమీ మిగల్లేదు. డైసీ బాగుంది కానీ నాలుగో గంటలో నాకు ఎందుకో సబ్బులా అనిపించింది. ఓ తాండ్ర్ ఈడీటీ దగ్గర ఆగాను. మొదట క్విన్స్ కొంచెం పుల్లగా తగిలింది, ఇది కాదేమో అనుకున్నాను. షాపులోంచి వచ్చేశాక దాని సంగతే మర్చిపోయాను. బస్సులో పైన కడ్డీ పట్టుకోవడానికి చెయ్యెత్తితే మోచేతి మడతలోంచి ఏదో వచ్చింది, పువ్వూ కాదు, పండూ కాదు, రెండూ కడిగిన నీళ్లలా. టైం చూస్తే కొట్టుకుని నాలుగు గంటల పది నిమిషాలయింది. దిగేదాకా చెయ్యి దించబుద్ధి కాలేదు.

సీసా ఇంకా కొనలేదు, చిన్న శాంపిల్ తెచ్చుకుని రెండు వారాలుగా వాడుతున్నాను, లోపల ఒకటి, మోచేతి మడతలో ఒకటి. మొన్న ఆవిడ ఏదో ఫైల్ చూపించడానికి నా వైపు వంగి, ఆగి, "ఇదేనా?" అన్నారు. అవునన్నాను. కుర్చీ ఇటువైపు లాక్కుని కూర్చున్నారు.

అక్క ఇచ్చిన సీసా కూడా పారేయలేదు. సెలవు రోజు సాయంత్రం బయటికి వెళ్లేటప్పుడు ఒక్కటంటే ఒక్కటి కొట్టుకుంటున్నాను, ఆరుబయట ఆ తీపి అంత బరువుగా లేదు. ప్రయోగశాల_మూల గారూ, ఆస్మాంథస్ నడుమ ఉన్నవాటిలో రోజూ వేసుకోదగ్గ మెత్తటిది ఏదైనా మీ దృష్టిలో ఉంటే రాయండి, తర్వాతి శాంపిల్ అదే తెచ్చుకుంటాను.